చలిచెట్టు దగ్గర ఎనిమిదేళ్ళ ఉద్యోగం

ముప్పై ఒకటో ఏట రిటైరైన మనిషి వృత్తి అనుభవాలు రాయడం కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది. కానీ కాంట్రాక్టు పొడిగించలేదని తెలిసిన రోజున ఆఫీసులో గుమాస్తా "రిటైరైపోయినవంటగా అమ్మా" అన్నాడు. హేళనగా కాదు, నిజంగానే అన్నాడు. పదవీ విరమణ సభ, శాలువా ఉండవు కాబట్టి ఆ మాటైనా నాకు దక్కాలని అనుకున్నాడేమో. నేను కాదనలేదు.

నా చోట చేరిన అమ్మాయి పేరు శ్రావణి. మొదటి రోజే అడిగింది: "అక్కా, గీడ పని అసలు ఏముంటది?" నాకు నోటితో చెప్పడం చేతకాదు. "చూస్తే నీకే తెలుస్తది" అని తాళాలు ఇచ్చి వారాసిగూడ బస్సు ఎక్కేశాను. ఎనిమిదేళ్ళు డైరీ రాశాను కాబట్టి రాయడమైతే వచ్చు. ఇది ఆమె కోసం, ఆమెలా తోట పనిలో చేరబోయే వాళ్ళ కోసం. ఇందులో జీతాలు, ఫైళ్ళు, రెన్యువళ్ళు ఉండవు. అవి ఎవరైనా చెప్తారు.

ఆర్డరులో ఒకటి, పెరట్లో ఒకటి

నా ఆర్డరులో వృక్షశాస్త్ర విభాగపు తోటలో క్షేత్ర సహాయకురాలు అని ఉంది. మొక్కలకు పేర్ల పలకలు పెట్టడం, విద్యార్థుల ప్రాక్టికల్స్‌కు ఆకులూ పువ్వులూ కోసివ్వడం, నీళ్ళ రిజిస్టరు రాయడం నా పని అని ఉంది. రెండో నెల నుంచి నేను చేసిన పని మాత్రం తార్నాకలో ఒక ఇంటి పెరట్లో ఒక చెట్టును బతికించడం.

ఆ ఇల్లు మా ప్రొఫెసర్‌ది. విభాగంలో ఇంకా నలుగురు ప్రొఫెసర్లున్నా "సార్" అంటే ఆయనే. మెయిన్ రోడ్డు నుంచి రెండో సందులో పాత ఇల్లు, వెనుక మూడు కార్లు పట్టేంత పెరడు. ఆ పెరడును ప్రాజెక్టు కాగితాల్లో "ప్రయోగ క్షేత్రం"గా చూపించారు. కాబట్టి నేను పొద్దున క్యాంపస్‌లో సంతకం పెట్టి, పదింటికి నడుచుకుంటూ ఆయన పెరటికి పోవడం పూర్తిగా నిబంధనల ప్రకారమే. ఆ పెరట్లోనే కరివేపాకు, మల్లె, ములగ కూడా ఉండేవి. అవి క్షేత్రంలోకి వస్తాయా రావా అని ఎవరూ అడగలేదు. నీళ్ళు మాత్రం అన్నిటికీ పెట్టాను.

చెట్టు సంగతి చెప్పాలి. చలి దేశాల్లో సీతాఫలానికి ఒక దూరపు చుట్టం ఉంది. మంచు పడినా చావదు. దాని ఇంగ్లీషు పేరు కొన్ని దేశాల్లో బొప్పాయికి వాడతారట, అందుకని గందరగోళం లేకుండా మేం దాన్ని చలిచెట్టు అనేవాళ్ళం. సార్ ఒకసారి విదేశంలో సదస్సుకు వెళ్ళినప్పుడు ఆ పండు తిన్నారు. అరటిపండు, మామిడిపండు, పాలమీగడ కలిపి మెత్తగా చేసినట్టుందని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. తన పెరట్లో కాసిన ఆ పండును ఒక్కసారి తినాలన్నది ఆయన కోరిక. ప్రాజెక్టు కాగితంలో ఆ కోరికను పదహారు లక్ష్యాలుగా విడదీసి రాశారు.

ఫ్రిజ్‌లో శీతాకాలం

విత్తనాలు తడి నాచులో చుట్టి రెండు పొట్లాలుగా వచ్చాయి. రెండు వేర్వేరు తోటలవి, కావాలనే తెప్పించారు. ఈ చెట్టు తన పుప్పొడిని తాను ఒప్పుకోదు. చుట్టరికం లేని రెండో చెట్టు దగ్గర్లో ఉంటేనే కాయ కడుతుంది. ఇంట్లో పెంచాలనుకునేవాళ్ళు ముందుగా గుర్తుపెట్టుకోవలసింది ఇదే. ఒక్క చెట్టు నాటితే నీడ వస్తుంది, పండు రాదు.

విత్తనం ఎండిపోకూడదు. మొలకెత్తాలంటే మూడు నాలుగు నెలలు చలిలో ఉండాలి. విభాగంలో ఫ్రిజ్ ఉంది గానీ అది చెడిపోయి, దాని రిపేరు ఫైలు తిరుగుతూ ఉంది. అందుకని ఒక్కో పొట్లాన్ని రెండేసి డబ్బాల్లో సర్దితే, ఆ నాలుగు డబ్బాలూ సార్ ఇంటి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో చేరాయి. సార్ భార్య కమలమ్మగారు ఒకప్పుడు స్కూల్లో లెక్కలు చెప్పారు. ఆవిడ ఒక డబ్బా మూత తీసి చూశారు.

"ఏమిటమ్మాయ్ ఇవి?"

"విత్తనాలండీ. శీతాకాలం వచ్చిందని అనుకోవాలి అవి."

"అనుకుంటాయా?"

"నూరు రోజులు ఇందులో ఉంటే అనుకుంటాయటండీ."

"మా ఆయన ముప్పై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఉండి ఇంకా హాస్టల్లో ఉన్నాననే అనుకుంటున్నారు. విత్తనాలే నయం."

డబ్బాల మీద నేను లాటిన్ పేరు, తేదీ, పొట్లం నంబరు చక్కగా రాసి అతికించాను. మామిడిపళ్ళ రోజుల్లో చోటు చాలక కమలమ్మగారు ఒక డబ్బాను పైన గడ్డకట్టే అరలోకి మార్చారు. అందులోవన్నీ చచ్చాయి. పంపినవాళ్ళు పాత విత్తనాలు పంపారని సార్ తేల్చారు. నేను నేర్చుకున్నది వేరు. పలక మొక్క కోసం కాదు, ఆ మొక్కను పారేయగల మనిషి కోసం. "గడ్డ కట్టనివ్వద్దు" అని తెలుగులో నాలుగు ముక్కలు రాసి ఉంటే సరిపోయేది. లాటిన్ చూసి ఆవిడ గౌరవంగా పైఅరలో పెట్టారు.

యాదమ్మ

పెరట్లో నాతో పనిచేసిన మనిషి యాదమ్మ. యాభై దాటిన ఆడమనిషి, జనగామ వైపు పల్లెలో సేద్యం చేసుకునే కుటుంబం, ఇరవై ఏళ్ళుగా సీతాఫల్‌మండిలో రైలు పట్టాల పక్కన ఒక గదిలో కాపురం. కాంట్రాక్టరు తరఫున క్యాంపస్ తోటలో పని. సార్ ప్రయోగ క్షేత్రానికి ఆమెనూ పంపారు. నేను ఆమెను పెద్దమ్మా అనేదాన్ని.

నాటిన విత్తనం రెండు నెలలపాటు పైకి ఏమీ చూపించదు. వేరు మాత్రం కిందికి పోతూ ఉంటుంది. సార్‌కు ఆగదు. రోజూ పుల్లతో తవ్వి చూసేవారు. అలా రెండు విత్తనాలు పోయాయి. మూడో దాని దగ్గర యాదమ్మ ఆపింది.

"సార్, కడుపుతోటి ఉన్నదాన్ని దినాం కోసి చూస్తమా?"

సార్ పుల్ల పారేసి నవ్వారు. ఆ రోజుల్లో ఆయన నవ్వేవారు.

వేరు మూరెడు లోతుకు దిగుతుంది, మామూలు కుండీలో మెలి తిరిగి చస్తుంది. పక్క సందులో ప్లంబర్లు వదిలేసిన మురుగు పైపు ముక్కలు యాదమ్మే ఏరుకొచ్చింది. మూరెడు పొడుగున కోయించి, అడుగున సంచి గుడ్డ కట్టి మట్టి నింపింది. మొక్కలు అందులో నిలబడ్డాయి. మరుసటి ఏడు ఒక వ్యాసంలో ఆ పైపు ముక్కలు "సవరించిన లోతు కుండీ విధానం" అయ్యాయి. విధానం సార్‌ది. పైపు ఎవరిదో వ్యాసంలో లేదు.

మొక్క బతికుందో లేదో తెలుసుకోవడం కూడా ఆమే నేర్పింది. బెరడును గోరుతో గీకాలి. కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు.

"కొన గీకకు బిడ్డా. కొనలు అబద్ధం చెప్తయి. కూసొని, మట్టి కాడ గీకు."

మా తోటలో ఒక పద్ధతి ఉంది. తీసేయవలసిన మొక్కకు ఎర్ర గుడ్డపీలిక కడతారు. దాన్ని పట్టీ అంటారు. పట్టీ కట్టేది నాలాంటి వాళ్ళు, పీకేది యాదమ్మలాంటి వాళ్ళు. ఒకసారి పట్టీ ఉన్న నిమ్మ మొక్కను ఆమె పీకకుండా వదిలేసింది, పచ్చి ఉందని. సార్ విద్యార్థుల ముందు అడిగారు: "యాదమ్మా, నువ్వు డాక్టర్‌వా? పట్టీ ఉంటే తీసేయ్. చర్చలొద్దు."

"సరే సార్" అన్నది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత పట్టీ ఉన్న మొక్క గురించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

ఐసు, చేపలు

మూడో ఏడు వేసవిలో సార్ మొక్కల మీద కట్టిన నీడవల తీయించారు. పండ్ల చెట్టుకు పూర్తి ఎండ కావాలని పుస్తకంలో ఉందట. ఉండే ఉంటుంది. ఆ పుస్తకం రాసినాయన తార్నాకలో ఏప్రిల్ నెల గడిపి ఉండడు. ఆరు మొక్కల్లో నాలుగు మాడిపోయాయి. మిగిలినవి రెండు, అదృష్టం కొద్దీ ఒక్కో పొట్లం నుంచి ఒక్కోటి. నీళ్ళ సంపు పక్కన ఒకటి, ప్రహరీ గోడ పక్కన ఒకటి. సంపు చెట్టు, గోడ చెట్టు అనేవాళ్ళం.

చలిచెట్టుకు చలి చాలడం లేదని సార్ డిసెంబరులో ఐసు తెప్పించారు. సీతాఫల్‌మండి ఐసు దుకాణం నుంచి ఆటోలో దిమ్మెలు దిగేవి. మొదటి రోజు ఆటో అతను అడిగాడు: "ఏం ఫంక్షన్ ఉన్నదమ్మా?"

"చెట్టుకు జరమొచ్చింది" అన్నది యాదమ్మ.

అతను పైసలు తీసుకుని, గేటు దాకా వెనక్కి తిరిగి చూసుకుంటూ పోయాడు. మొదలు చుట్టూ ఊక పోసి దిమ్మెలు పేర్చేవాళ్ళం. మధ్యాహ్నానికి నీళ్ళు. పని చేసిందా అంటే నాకు తెలియదు. మా నివేదికలో చేసిందని ఉంది.

ఆరో ఏడు మార్చిలో సంపు చెట్టు పూసింది. ఐదు పువ్వులు, తలలు వంచుకుని, బీట్‌రూట్ రంగులో. వాసన పులిసిన పిండికి దగ్గరగా ఉంటుంది. తేనెటీగలు అటు చూడవు, ఈగలు రావాలి. ఈగలు రావాలంటే కొమ్మలకు చేపల చెత్త వేలాడదీయాలని సార్ ఎక్కడో చదివారు. ఆ ఇంట్లో ఉల్లిపాయ కూడా తినరు. యాదమ్మ మెట్టుగూడ నుంచి చేప తలలు సంచిలో తెచ్చి కట్టింది. కమలమ్మగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వరండాలో నిలబడ్డారు.

"పెళ్ళికి ముందు ఈయన పద్ధతైన మనిషని చెప్పారు మా వాళ్ళు."

"పద్ధతి ప్రకారమే చేస్తున్నాం కమలా" అన్నారు సార్.

ఈగలు వచ్చాయి. వచ్చి చేపల మీద వాలాయి. చివరికి నేను నీటిరంగుల కుంచెతో పుప్పొడి తీసి అద్దాను. కానీ ఆ ఏడు గోడ చెట్టు ఇంకా పూయలేదు, ఉన్న పుప్పొడి ఆ చెట్టుదే. ఐదు పువ్వులూ రాలాయి. సార్ వాటిని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

"వచ్చే ఏడు గోడ చెట్టు కూడా పూస్తుంది. అప్పుడు కాయ పడుతుంది" అన్నారు.

అంటే ఆయన పండు ఆశ అంతా గోడ చెట్టు మీద ఉంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే ఆ తప్పు చేశాను.

నేను వంగని రోజు

ఆ వేసవిలో సంపు చెట్టు చిగురించింది, గోడ చెట్టు చిగురించలేదు. జూన్ చివర కూడా కట్టెలా నిలబడి ఉంది. అప్పుడే తోటలంటే ఇష్టమున్న పెద్దమనుషులు కొందరు, వాళ్ళతో ఒక పత్రికాయన, పెరడు చూడటానికి వస్తామన్నారు. సార్ ఊళ్ళో లేరు. ఢిల్లీ నుంచి ఫోన్ చేశారు.

"ఎండిపోయినవన్నీ తీయించు. నువ్వే చూసి పట్టీలు కట్టు."

ఆరేళ్ళలో మొదటిసారి నిర్ణయం నాకు వదిలారు. పొంగిపోయాను. ఏడు మొక్కలకు పట్టీలు కట్టాను. చివరగా గోడ చెట్టు దగ్గరికి వచ్చాను. నా ఎత్తులో అందిన కొమ్మ గీకాను, గోధుమరంగు. ఇంకో కొమ్మ గీకాను, అదీ అంతే. కింద కూర్చుని మట్టి దగ్గర గీకాలని తెలుసు. ముందురోజు వాన పడి అక్కడంతా బురద. అటునుంచి అటే లైబ్రరీకి వెళ్ళి నవల మార్చుకోవాలని ఉతికిన బట్టలు వేసుకుని వచ్చాను. వంగలేదు. ఆ రోజు వంగి ఉంటే ఈ రాత సగమైనా తగ్గేది.

చెట్టు పోయిందని సార్‌కు ఫోన్‌లో చెప్పాలి. మూడుసార్లు నంబరు తీసి పెట్టేశాను. "మీ చెట్టు పోయింది సార్" అనే వాక్యం నా గొంతులోంచి రాదు. అందుకని పట్టీ కట్టాను. రేపు ఆయన వచ్చి, చూసి, ఏం చేయాలో ఆయనే చెప్తారనుకున్నాను. నోటితో చెప్పలేని వార్తను గుడ్డపీలికతో చెప్పాను.

పట్టీల మొక్కలు పీకడానికి కాంట్రాక్టరు సూపర్‌వైజర్ యాదమ్మను మర్నాడు పంపాల్సింది, ఆ మధ్యాహ్నమే పంపాడు. నేను లైబ్రరీలో ఉన్నాను. సాయంత్రానికి ఎనిమిది పట్టీల మొక్కలూ చెత్త బండి ఎక్కాయి, పట్టీలతో సహా.

"చూస్తాను సార్"

మర్నాడు సార్ అతిథులను సంపు చెట్టు దగ్గర నిలబెట్టి కథంతా చెప్పారు. "దీని జోడు చూపిస్తాను రండి" అని గోడ వైపు నడిచారు. అక్కడ ఆకు చెత్త కప్పిన గుంత ఉంది.

అతిథులు మర్యాదస్తులు. గుంతను కూడా శ్రద్ధగా చూశారు.

"ఎవరు తీశారిది?" అన్నారు సార్.

యాదమ్మ చేతులు తుడుచుకుని ముందుకు వచ్చింది. "నేనే సార్. పట్టీ ఉండె."

"దీనికి పట్టీ ఎవరు కడతారు? ఏమైనా తెలివుందా?"

"ఉండె సార్. ఎర్రది. కొమ్మకే ఉండె."

సార్ నా వైపు తిరిగారు. "నువ్వు కట్టావా?"

"చూస్తాను సార్" అన్నాను.

ఆఫీసుల్లో ఇంతకంటే పనికొచ్చే మాట లేదు. అది ఔనూ కాదు, కాదూ కాదు. చూడటానికి అక్కడ ఏమీ మిగలలేదని నాకు తెలుసు. సార్ దాన్ని "కట్టలేదు" అని అర్థం చేసుకున్నారు. యాదమ్మ నా వైపు ఒక్కసారి చూసి, తర్వాత గుంత వైపు చూసింది.

సోమవారం ఆమెను అమ్మాయిల హాస్టల్లో బాత్‌రూములు కడిగే పనికి మార్చారు. "పాత మనిషి, పూర్తిగా తీసేయొద్దు" అని సార్ దయతో చెప్పారట.

ఆ సాయంత్రం డైరీలో "పట్టీ నేనే కట్టాను" అని రాశాను. తర్వాతి రోజుల్లో అదే సంగతి ఇంకా వివరంగా, ఇంకా బాగా రాశాను. కొన్ని వాక్యాలు నిజంగా బాగా కుదిరాయి. రాసినప్పుడల్లా మనసు తేలికపడేది. ఈ వృత్తిలోకి వచ్చే డైరీ రాసేవాళ్ళకు చెప్తున్నాను, ప్రమాదం అక్కడే ఉంది. తేలికపడిన మనసు నోరు తెరవనివ్వదు.

మూడు వారాల తర్వాత హాస్టల్ గేటు దగ్గర యాదమ్మ ఎదురైంది. చేతివేళ్ళ చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. మాట మాటకూ దగ్గు.

"ఎట్లున్నవ్ పెద్దమ్మా?"

"ఉన్న బిడ్డా. యాసిడ్ వాసన పడ్తలేదు. తోటకు పంపుమని సూపర్‌వైజర్‌ను అడిగిన. సార్ చెప్తెనే అన్నడు." దగ్గు ఆగాక అడిగింది: "గోడ కాడ గుంతల ఆకు ఏసిన. ఉన్నదా?"

"ఉన్నది."

"తీయనియ్యకు."

"ఎందుకు పెద్దమ్మా?"

"తీయనియ్యకు, అంతే."

అప్పుడైనా ఆమెకు చెప్పి ఉండాల్సింది. "సరే" అని బస్సు ఎక్కాను.

గుంతలో రెండు మొలకలు

ఆగస్టు మొదట్లో, మంచి వానల తర్వాత, గుంతకు జానెడు దూరంలో ఆకు చెత్తను తోసుకుని రెండు మొలకలు లేచాయి. వెడల్పాటి ఆకులు, కిందికి వాలినవి. గోడ చెట్టు పక్కవేళ్ళ నుంచి వచ్చాయి. పీకేటప్పుడు వేరు తెగితే పచ్చిగా ఉందని యాదమ్మకు అర్థమై ఉంటుంది. చర్చలొద్దని చెప్పారు కాబట్టి చర్చించలేదు. పక్కవేళ్ళను మాత్రం మట్టిలోనే వదిలి కప్పెట్టింది.

సార్ భూతద్దం పట్టుకుని గొంతుక్కూర్చున్నారు. చిన్నపిల్లాడిలా ఉంది ఆయన ముఖం. కమలమ్మగారు కాఫీ తెచ్చి నిలబడ్డారు. నేను సార్ వెనుక నిలబడి, ఆయన ముఖం కనిపించకపోవడం వల్లనే అనుకుంటాను, అనేశాను.

"సార్, పట్టీ నేనే కట్టాను."

"ఏ పట్టీ?"

నలభై రోజులుగా నేను మోసిన విషయం ఆయనకు గుర్తే లేదు.

"గోడ చెట్టుకు సార్. యాదమ్మ అబద్ధం చెప్పలేదు."

ఆయన భూతద్దం దించారు. "ఆ రోజే చెప్పొచ్చుగా."

"చెప్పాల్సింది సార్."

"సరేలే. చెట్టు ఎలాగూ మళ్ళీ వచ్చిందిగా."

"యాదమ్మ రాలేదు సార్."

సార్ మళ్ళీ భూతద్దం ఎత్తారు. ఆయన చెడ్డ మనిషి కాదు. కానీ ఒకసారి చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం ఆయనకు చెట్టు పోవడం కంటే కష్టం. నేను చూసిన పై అధికారులందరికీ అంతే. కమలమ్మగారు కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళి, ఫోన్ తెచ్చి ఆయన చేతిలో పెట్టారు.

సార్ సూపర్‌వైజర్‌కు చేశారు. "ఆఁ, యాదమ్మను రేపటి నుంచి తోటకు పంపెయ్యి. ఏదో అయిందిలే, క్షమించేశాం."

"క్షమించాం అనకండి సార్."

నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. సార్ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి నన్ను చూశారు. ఎనిమిదేళ్ళలో ఆయన నన్ను పూర్తిగా చూసింది అప్పుడే.

"తప్పు ఆమెది కాదని చెప్పండి. నాదని చెప్పండి."

సార్ అడ్డం పెట్టిన చెయ్యి తీసి ఫోన్‌లో చెప్పారు. "తప్పు ఆవిడది కాదట. మా అమ్మాయిదట." పెట్టేశారు. "చాలా?" అన్నారు. చాలన్నాను. రెండేళ్ళ తర్వాత నా కాంట్రాక్టు పొడిగించనప్పుడు, దానికీ దీనికీ సంబంధం లేదని ఆయన స్వయంగా చెప్పారు. నేనూ అదే నమ్ముతున్నాను, వారంలో నాలుగైదు రోజులు.

అటునుంచి నేరుగా హాస్టల్‌కు వెళ్ళాను. యాదమ్మ మెట్ల దగ్గర బకెట్‌తో ఉంది.

"పెద్దమ్మా, రేపటి నుంచి నిన్ను తోటకు రమ్మన్నరు. పట్టీ నేనే కట్టిన అని సార్‌కు చెప్పిన."

బకెట్ కింద పెట్టింది. "నువ్వే కట్టినవని నాకు ఎరుకనే. గుడ్డపీలికను పువ్వు లెక్క ముడేసేది ఆ తోటల నువ్వొక్కదానివే."

"మరి గా రోజు సార్‌తోని ఎందుకు చెప్పలే?"

"నేను చెప్తె నమ్ముతరా? నువ్వు చెప్తవని చూసిన."

"చెప్పిన కదా."

"చెప్పినవ్." బకెట్ ఎత్తుకుంది. "నలభై దినాలు చూసిన."

మిగిలింది

మర్నాడు యాదమ్మ నాకంటే ముందే వచ్చింది. నేను వెళ్ళేసరికి ఆకు చెత్త పక్కకు లాగి, మొలకల మీద పాత చీర ముక్క పందిరిలా కట్టి ఉంది. దగ్గు తగ్గడానికి రెండు నెలలు పట్టింది.

ఇంట్లో చలిచెట్టు పెంచాలనుకునేవాళ్ళు నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. నాకు తెలిసింది చెప్తాను. వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన రెండు మొక్కలు నాటండి. ముందే చోటు నిర్ణయించుకుని నాటండి, వేరు కదిపితే బతకదు. రెండేళ్ళు నీడ ఇవ్వండి, మన దగ్గర మూడేళ్ళు. మన ఊళ్ళో కాస్తుందా అంటే నేను చూడలేదు. సంపు చెట్టు ఏటా పూసి రాలుస్తోంది. గోడ పక్క మొలకలు నడుము ఎత్తుకు వచ్చాయి, పూయడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది. సార్ ఎదురుచూస్తున్నారు. పండు తినాలనే అనుకుంటే మాత్రం సీతాఫలం నాటుకోండి. ఐసు అక్కర్లేదు.

ఆమె తిరిగి వచ్చిన ఆ మొదటి రోజు నేను అడిగాను: "నీళ్ళు ఎంత పొయ్యాలె పెద్దమ్మా?"

"చెంబెడు చాలు మేడం" అన్నది.

పరాచికమనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. కోపంగానూ లేదు. "ఈ కొమ్మ కోద్దామా?" అంటే "మీ ఇష్టం మేడం." "అన్నం తిన్నవా?" అంటే "తిన్న మేడం, మీరు తినుండ్రి." ఆ తర్వాత రెండేళ్ళు కలిసి పనిచేశాం. అడిగినదానికల్లా సరైన జవాబు చెప్పింది. అడగనిది ఒక్కటీ చెప్పలేదు. ఎనిమిదేళ్ళలో నాకు దక్కిన పెద్ద పదోన్నతి అదే.

నిన్న కాగితాల కోసం క్యాంపస్‌కు వచ్చినప్పుడు తోట దగ్గర ఆగాను, శ్రావణీ. నువ్వు నన్ను చూడలేదు. మందార మడి దగ్గర్నుంచి యాదమ్మ "బిడ్డా, గిటు రా, గిది చూడు" అని నిన్ను పిలిచింది. నువ్వు చేతిలో రిజిస్టరు అక్కడే పడేసి పరుగెత్తావు, బురదలో కూర్చున్నావు. నేను అటు రాకుండా వెనక్కి తిరిగి వచ్చేశాను.